తన ఉరితాడు మోసిన పడవ

వీరాంజనేయులు జర్మనీలో ఎష్‌బోర్న్ స్యూద్ స్టేషన్లో, ఆఫీసులకి పరిగెడుతున్న జనం మధ్య, నిలబడ్డ చోటే కూలిపోయాడు.

ముందు లాప్‌టాప్ బ్యాగు జారింది. తర్వాత మోకాళ్లు వంగాయి. జనం బ్యాగుని దాటుకుని నడిచారు. రైలు కాస్త లేటైతే కంప్లైంట్ రాసే జనం. మనిషి పడిపోతే ఎవరికి రాయాలో తెలీదు.

జయసాగర్ మెట్లెక్కి వచ్చేసరికి అతని పెదాలు నీలం తిరిగాయి. జయసాగర్ బ్లూ కార్డు వీసా మీద వచ్చిన సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్. ఆంజనేయులూ అంతే. అది పైకి. అసలు ఉద్యోగం ఇండియా ప్రభుత్వపు ఒక పేరులేని డెస్కుకి గూఢచర్యం. ఆ డెస్కు గురించి పార్లమెంటులో ఎవరూ అడగరు. అడిగినా ఎవరూ చెప్పరు.

"ఆంజీ! ఎవడ్రా? ఎవడు చేశాడు?"

ఆంజనేయులు ఎడమ చెయ్యి ఎత్తబోయాడు. మణికట్టు మీద ప్లాస్టరు. దాని కింద సన్నటి కత్తిగాటు.

"కప్పులో కలిపారు," అన్నాడు. "లెగాస్పి... ఆడి బతుకంతా చదువు. లోపె మార్టిన్ దాకా చదువు. మధ్యలో ఆపకు."

రైలొచ్చింది. జనం ఎక్కారు. ఆంజనేయులు ఎక్కలేదు.

* * *

డెస్కుకి జర్మనీలో హెడ్డు కమలాకర్. పైకి స్టుట్‌గార్ట్ పక్క ఊళ్లో ఇండియన్ కిరాణా కొట్టు. ముందు గదిలో ఆవకాయ, ఇడ్లీ రవ్వ, కార్తీక దీపాల వత్తులు. వెనక గదిలో బియ్యం బస్తాలు, వాటి మధ్య దేశ రహస్యాలు.

"కూసో," అన్నాడు కమలాకర్, సోనామసూరి బస్తా చూపిస్తూ. "గ్యాంగ్ పేరు కబిల్దో. నడిపేటోడు క్రెంజ్. స్విస్ పాస్‌పోర్ట్. ఎవనికైనా ఆయుధాలు అమ్ముతడు. రెండు దిక్కులా కొట్లాటుంటే రెండు దిక్కులా అమ్ముతడు."

"టార్గెట్?"

"గార్చింగ్ క్యాంపస్. సముద్రం అడుగున, శాటిలైట్ లేకుండ, నువ్వెక్కడున్నవో ఓడకు చెప్పే సెన్సర్. మన దేశమూ జర్మనీ కలిసి చేస్తున్నరు. మన వరంగల్ పిల్ల నవ్యశ్రీ ఆ టీంల ఉన్నది."

"లెగాస్పి ఎవరు సార్?"

కమలాకర్ ఒక లావుపాటి పుస్తకం అతని ఒళ్లో పడేశాడు. "మిగెల్ లోపెస్ దె లెగాస్పి. బాస్క్ దేశపు నావికుడు. స్పెయిన్ రాజు తరఫున ఫిలిప్పీన్స్‌కి మొదటి గవర్నర్. సచ్చి నాలుగు వందల యాభై ఏండ్లు దాటింది. క్రెంజ్‌కి ఆయన పిచ్చి. ఆపరేషన్‌ల ప్రతి అడుగుకు ఆయన బతుకులకెల్లి ఒక పేరు వెడతడు. బయల్దేరుడు నవిదాద్. మనుషుల్ని కలుపుకునుడు బోహోల్. తగులవెట్టుడు సెబూ. గెలుసుడు మనీలా."

"ఆంజనేయులు ఎక్కడ పోయాడు?"

"బోహోల్. లెగాస్పి ఆ దీవిల దిగినంక అక్కడి దొరా ఈయనా చేతులు కోసుకొని, నెత్తురు వైన్‌ల కలుపుకొని తాగిన్రు. ఇగ మనం అన్నదమ్ములం అని. క్రెంజ్ గూడ కొత్తోళ్లతోటి గదే చేయిస్తడు. మనోని కప్పుల నెత్తురు కాక ఇంకోటి గూడ కలిసింది."

కమలాకర్ కళ్లు తుడుచుకున్నాడు. కన్నీళ్లు నిజంగానే ఉన్నాయి. అదే ఆ మనిషితో చిక్కు.

పని చెప్పాడు. మ్యూనిక్‌లో క్రెంజ్ విల్లాలో లెగాస్పి మీద ఒక ప్రైవేట్ ఎగ్జిబిషన్, డిన్నర్. జయసాగర్ వేషం, గోవా నుంచి వచ్చిన పాత మ్యాపుల వ్యాపారి డియోగో ఫెర్నాండెస్. తెల్ల గడ్డం, కెమెరా ఉన్న కళ్లజోడు. అక్కడ నెకానె అనే ఒకామె ఉంటుంది. మర్నాడు గార్చింగ్‌కి సరుకు మోసేది ఆమే. వెంట వెళ్లాలి.

"వెళ్లి?"

కమలాకర్ ఒక చిన్న హియరింగ్ ఎయిడ్ చేతిలో పెట్టాడు. "ఆఖరి ఆర్డర్ ఇండ్ల ఉన్నది. గార్చింగ్ ఆఖరి స్టేషన్ల దిగినప్పుడే తెరుసుకుంటది. ముందుగాల తెరవదు."

"ఇప్పుడే చెప్పొచ్చుగా సార్?"

"చెప్తే నువ్వు పోవు," అని నవ్వాడు కమలాకర్. జోకనుకుని జయసాగర్ కూడా నవ్వాడు.

* * *

జయసాగర్ చదివాడు. రైల్లో చదివాడు, లంచ్ టేబుల్ దగ్గర చదివాడు, క్లయింట్ మీటింగులో కెమెరా ఆఫ్ చేసుకుని చదివాడు.

లెగాస్పి పుట్టింది బాస్క్ కొండల్లో సుమర్రాగా అనే ఊళ్లో. నోటరీల వంశం. కుర్రతనంలోనే మెక్సికో వెళ్లి కబిల్దోలో, అంటే సిటీ కౌన్సిల్లో, రాతకోతల ఉద్యోగం చేశాడు. పెళ్లి, తొమ్మిదిమంది పిల్లలు, భార్య చావు. జుట్టు నెరిసేదాకా ఆయన చేసిన యుద్ధాలన్నీ కాగితాల మీదే. అలాంటి ముసలాయన్ని పట్టుకుని రాజు తరఫు మనుషులు నాలుగు ఓడలిచ్చి పసిఫిక్ దాటమన్నారు. ఉన్న ఆస్తి అమ్మి మరీ బయల్దేరాడు. పుస్తకంలో దానికి భక్తి అని పేరు. పరాయి నేల మీదికి బయల్దేరే ప్రతివాడూ ముందు దానికో మంచి పేరు వెతుక్కుంటాడు.

ఓడలో ఉర్దానెతా అనే సన్యాసి ఉన్నాడు. ఆయనా బాస్కే. పాత నావికుడు, సముద్రం తెలిసినవాడు. స్పెయిన్‌తో పంపకంలో ఫిలిప్పీన్స్ పోర్చుగల్ వాటా కిందికొస్తుంది, అక్కడికైతే నేను రాను అని ముందే చెప్పాడు. న్యూగినీకి అనుకుని ఎక్కాడు. అందుకే మెక్సికో అధికారులు అసలు ఆర్డరుకి సీలు వేసి లెగాస్పి చేతికిచ్చారు. తీరం కనబడనంత దూరం పోయాక తెరవమన్నారు. తెరిచాడు. చదివాడు. ఫిలిప్పీన్స్. తెలిస్తే ఎక్కేవాణ్ని కాదన్నాడు సన్యాసి. నడిసముద్రంలో ఆ మాటని ఎవరు వింటారు?

ఆ పేజీ చదివిన సాయంత్రమే ఎస్-బాన్ లోకల్ రైల్లో ఎదురు సీట్లో ఒక ముసలాయన కనిపించాడు.

నల్ల బట్టలు. అంచులు తడిసి ఉన్నాయి. కాలిన లక్క వాసన. చేతిలో మడతపెట్టిన కాగితం. దాని సీలు విరిచాడు. చదివాడు. మళ్లీ మడిచాడు. సీలు మళ్లీ అతుక్కుంది. మళ్లీ విరిచాడు. టికెట్ చెకింగ్ వాడు జయసాగర్ పాసు చూసి, ఎదురు సీటు వైపు చూడకుండానే పోయాడు.

జయసాగర్ కళ్లు మూసుకున్నాడు. చెవిలో హియరింగ్ ఎయిడ్ చల్లగా తగిలింది. దానికీ సీలే.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ. సెబూ తగలబడిన పేజీ దగ్గర రైలంతా పొగ వాసన. ఆ బూడిదలో ఒక సిపాయికి బాలయేసు బొమ్మ దొరికింది. నలభై ఏళ్ల కిందట మాగెలాన్ ఇచ్చి వెళ్లిన బొమ్మ. దేవుడు మన పక్షమే అని వాళ్లంతా మోకరించారు. జయసాగర్ బందరులో చర్చి పక్క వీధిలో పెరిగినవాడు. క్రిస్మస్‌కి ఆ బొమ్మ లాంటిదాన్నే పశువుల పాకలో పడుకోబెట్టినవాడు. ఆ పేజీ తిప్పడానికి చాలాసేపు పట్టింది. ఇల్లు కాలినవాడి గుడిసెలో దొరికిన దేవుడు కాల్చినవాడి పక్షం ఎలా అయ్యాడు?

ముసలాయన తల ఎత్తలేదు. సీలు విరుస్తూనే ఉన్నాడు.

లోపె మార్టిన్ పేరు మాత్రం ఇంకా రాలేదు. డిన్నర్ రోజు వచ్చేసింది.

* * *

క్రెంజ్ పొడుగ్గా, శుభ్రంగా, కడిగిన చేపలా ఉన్నాడు. మెడలో పట్టు స్కార్ఫు. గోడల మీద పాత మ్యాపులు, ఒక తుప్పు కత్తి, గాజు పెట్టెలో బాస్క్ రాతలు.

"మహానుభావుడు," అన్నాడు గ్లాసు ఎత్తి. "ఒక గుమస్తా సామ్రాజ్యం కట్టాడు. ఏమంటారు మిస్టర్ ఫెర్నాండెస్?"

"ఎవరి నేల మీద కట్టాడో వాళ్లని అడిగితే బాగుంటుంది," అన్నాడు జయసాగర్.

క్రెంజ్ ఎత్తిన గ్లాసు దించాడు. పక్క సీటామె పకపకా నవ్వేసి మాట మార్చింది. ఆమే నెకానె. ఆకుపచ్చ గౌను, మెడ మీదికి జారే ముడి, గదిలో అందరి కళ్లూ ఆమె మీదే. తల్లిది సెబూ, తండ్రిది బాస్క్ దేశపు బిల్బావో అని పరిచయం చేశాడు క్రెంజ్.

సూపు చప్పగా ఉంది. జయసాగర్ ఉప్పు అడిగి చెయ్యి చాపాడు. ఆమె ఉప్పుడబ్బా తీసింది. చాపిన అరచేతిని చూసింది. చేతిలో పెట్టలేదు. చేతి ముందు టేబుల్ మీద పెట్టి, వేళ్లు వెనక్కి తీసుకుంది.

ఎవరూ గమనించలేదు. జయసాగర్ మాత్రం గమనించాడు. ఉప్పు చేతికిస్తే ఇచ్చినవాళ్లకీ పుచ్చుకున్నవాళ్లకీ గొడవలొస్తాయని వాళ్ల నాయనమ్మ బతికినంతకాలం అలాగే కింద పెట్టింది. బిల్బావోలో ఈమెకి ఎవరు నేర్పారు?

భోజనాలయ్యాక మ్యాపుల గదిలో ఆమె ఒక్కతే ఉన్నప్పుడు పక్కన నిలబడ్డాడు.

"ఏ ఊరండీ మీది?" తెలుగులో, పెదాలు కదపకుండా.

"ఐ బెగ్ యువర్ పార్డన్?"

"ఉప్పు కింద పెట్టారు."

ఆమె మ్యాపు వైపే చూస్తోంది. తర్వాత నవ్వింది, దూరంగా ఉన్న క్రెంజ్‌కి కనబడేలా.

"నరసాపురం," అంది. "తమరిది?"

"బందరు."

"ఆ గడ్డం ఏంటండీ బాబూ! నాటకాల కంపెనీ నుంచి తెచ్చారా? ఎడంపక్క ఊడొస్తోంది."

"మీ నెకానె వేషం మాత్రం బాగుంది. సెబూ అమ్మ, బిల్బావో నాన్న. తాతలు ఎక్కడివాళ్లో?"

"మొగల్తూరు," అంది. ఈసారి నవ్వు నిజంగా వచ్చింది. వెంటనే పోయింది. "ఏసుకుమారి నా పేరు. మూడేళ్లయిందండీ ఆ పేరుతో ఎవరన్నా పిలిచి."

చదువుకోడానికి వచ్చింది. వీసా రెన్యువల్‌కి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, కావాలి. ఆఫీసు వెబ్‌సైట్లో టెర్మిన్ లేదు. రేపు చూడండి అంటుంది. రేపూ అదే. "టెర్మిన్ దొరికిందా అని మా అమ్మ రోజూ ఫోన్లో అడిగేదండీ. ఆవిడకి జర్మన్‌లో వచ్చిన మాట అదొక్కటే." వీసా పోయింది. ఉద్యోగం పోయింది. క్రెంజ్ మనిషొకడు పాస్‌పోర్టుతో వచ్చాడు. మనుషులు దేశానికి ఎందుకు ద్రోహం చేస్తారని పెద్ద పెద్ద రిపోర్టులు రాస్తారు. వాళ్లలో ఒక్కడూ ఆ వెబ్‌సైట్ తెరిచి చూడడు.

"అయితే మీరు కబిల్దో మనిషి," అన్నాడు జయసాగర్.

"ఆయ్, జీతం వాళ్లిస్తారు. రెండేళ్ల నుంచి కబుర్లు మాత్రం కమలాకర్ అన్నకి చేరేస్తున్నాను. మీ డెస్కులో నా పేరు చిన్న పడవ. మీకు చెప్పలేదా?"

చెప్పలేదు.

"రేపటితో అయిపోద్దండీ. ల్యాబ్‌లోకి వెళ్తా. నా చేతిలో కేసు అక్కడ పెట్టి, అచ్చం అలాంటిదే సెన్సర్ ఉన్న కేసు పట్టుకొచ్చేస్తా. బయట కమలాకర్ అన్న మనుషులుంటారు. క్రెంజ్ దొరికిపోతాడు. నా పాస్‌పోర్టు నాకు ఇచ్చేస్తారు. ఇంటికెళ్లి వారం రోజులు ఎవరితోనూ ఇంగ్లీషు మాట్లాడను."

"మీరు మోసే కేసులో ఏముంది?"

"సీసం. బరువు సరిపోవాలని."

"చూశారా?"

"సీలేసి ఇస్తారంటండీ," అంది ఏసుకుమారి.

ఆమె భుజం వెనక, గాజు పెట్టె పక్కన, నల్ల బట్టల ముసలాయన నిలబడి ఉన్నాడు. కార్పెట్ మీద నీళ్లు కారుతున్నాయి.

* * *

మర్నాడు లంచ్ వేళకి ముందు, మ్యూనిక్ నుంచి గార్చింగ్ వెళ్లే యు-బాన్ మెట్రో. ముందు పెట్టెలో ఏసుకుమారి, ఒళ్లో అల్యూమినియం కేసు. వెనక పెట్టెలో జయసాగర్, ఒళ్లో పుస్తకం. గడ్డం పీకి పారేశాడు.

అప్పుడొచ్చింది లోపె మార్టిన్ పేరు.

నాలుగు ఓడల్లో అన్నిటికంటే చిన్నది సాన్ లూకాస్. దాన్ని నడిపినవాడు లోపె మార్టిన్. పోర్చుగల్ నుంచి వచ్చిన నల్లవాడు. నడిసముద్రంలో ఆ చిన్న పడవ లెగాస్పి గుంపు నుంచి తప్పిపోయింది. తప్పిపోయిందో తప్పించుకుందో ఇప్పటికీ వాదులాడుకుంటారు. కానీ పసిఫిక్‌ని రెండు వైపులా దాటి, పెద్ద ఓడకంటే ముందు ఇల్లు చేరింది అదే. దండలు వేయాలి కదా? వేయలేదు. పారిపోయారని కేసు పెట్టారు. తర్వాత అతన్నే ఇంకో ఓడకి దారి చూపేవాడిగా వేసి, లెగాస్పికి సరుకు చేర్చమని మళ్లీ సముద్రం మీదికి పంపారు. ఆ ఓడలోనే సీలు వేసిన ఒక ఆర్డరు ఉంది. వీడు అక్కడికి చేరగానే ఉరి తియ్యి అని.

తన ఉరి ఆర్డరున్న ఓడకి తనే దారి చూపించుకుంటూ వెళ్లాడు.

జయసాగర్ పుస్తకం మూశాడు. ఆంజనేయులు చెప్పబోయింది ఇదే, కేసులో సీసం లేదు. క్రెంజ్‌కి చిన్న పడవ సంగతి తెలిసిపోయింది. ఎదురు సీట్లో ముసలాయన సీలు విరవడం ఆపాడు. మొదటిసారి తల ఎత్తి చూశాడు. ఆ కళ్లలో కోపం లేదు, జాలి లేదు. ఒక గుమస్తా చూపు. కాగితం వచ్చింది, పని జరగాలి, అంతే.

ఆఖరి స్టేషన్. తలుపులు తెరుచుకున్నాయి. చెవిలో క్లిక్ మని చప్పుడు.

"జయసాగర్, మంచిగ ఇను. ఆమె చేతుల కేసుల ఫోన్‌తోటి పేలే బాంబున్నది. ఆమె మన మనిషని క్రెంజ్‌కి తెలిసిపోయింది. సెన్సర్ డిజైన్ వాళ్లు ఎప్పుడో కొట్టేసిన్రు. ఇప్పుడు ల్యాబ్ కాలాలె, ఆమె గూడ కాలాలె. అది పేలినంక క్రెంజ్ తన పైవాళ్లకు ఫోన్ చేస్తడు. ఆ లైన్ నాకు గావాలె, నువ్వు వాని మీదనే కన్నేసి ఉండు. టీం మొత్తాన్ని లంచ్‌కి బయటికి రప్పించిన, ఎవరికీ ఏం గాదు. ఆమెను ఆపకు. ఆంజనేయులు కప్పు సంగతి గూడ నాకు ముందే ఎరుక. ఆపితే రెండేండ్ల పని పోయేది. గది ముందుగాల అనుకున్న నష్టమే, ఇది గూడ గంతే. ఇది ఇంకొక్కపారి ఇనొచ్చు. ఆ తర్వాత చెరిగిపోతది."

ఎస్కలేటర్ మీద జయసాగర్ కదలకుండా నిలబడ్డాడు. అదే పైకి మోసుకెళ్లింది.

ఆ గొంతు చేతికి చిక్కింది. దీన్ని దాచి ఢిల్లీ చేర్చగలిగితే కమలాకర్ పని అయిపోతుంది. ఆంజనేయులు చావుకి సాక్ష్యం ప్రపంచంలో ఇదొక్కటే. ఇంకొక్కసారి మాత్రమే వినిపిస్తుంది.

ముందు ఏసుకుమారి నడుస్తోంది. ల్యాబ్ బిల్డింగ్ కనబడుతోంది.

"ఏసుకుమారి గారూ!"

ఆమె ఉలిక్కిపడి తిరిగింది. "మీకేమన్నా పిచ్చా? పేరెట్టి పిలుస్తారేంటి?"

"నడుస్తూనే ఉండండి. ఆ కేసులో బాంబుంది."

"ఏంటి?" నడక ఆపలేదు. మొహం మాత్రం గట్టిపడింది. "ఓహో. క్రెంజ్ పంపాడా, పరీక్ష చేసి రమ్మని? లేకపోతే నా పేరు మీద మీరు మార్కులు కొట్టేద్దామనా? కమలాకర్ అన్న ముందే చెప్పారు, డెస్కులో ఏడుపుగొట్టోళ్లు ఉంటారని. తప్పుకోండి."

చెప్పి నమ్మించే టైమ్ లేదు. జయసాగర్ చెవిలోంచి హియరింగ్ ఎయిడ్ తీశాడు. చొక్కాకి తుడిచాడు. ఒక్క క్షణం గుప్పిట మూశాడు. ఆంజనేయులు నీలం పెదాలు కనబడ్డాయి.

లెగాస్పి సీలు తెరిచింది ఎవరూ వెనక్కి తిరగలేని చోట. ఇక్కడింకా నేల ఉంది.

"వినండి," అని ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె విన్నది. నడుస్తూనే విన్నది. మొహంలో ఏమీ మారలేదు, కళ్లలోంచి నీళ్లు మాత్రం కారిపోయాయి. చెవిలో క్లిక్ మంది. ఆ గొంతు ఇంక ఎక్కడా లేదు.

"పేరు కూడా అనలేదు చూశారా," అంది. "ఆమె, ఆమె అంటాడు. రెండేళ్లు చెల్లెమ్మా అని పిలిచి."

"క్రెంజ్ ఎక్కడ?"

"పార్కింగ్‌లో బూడిదరంగు కారు. ల్యాబ్ గుమ్మం వైపే చూస్తున్నాడు, ఈ మలుపు దాటితే కనబడతాం. కేసు లోపల పెట్టి మనీలా అని మెసేజ్ పెట్టమన్నాడు. నేను కనబడకపోతే తెలిసిపోద్ది."

దారి నిండా విద్యార్థులు. కిటా బాలబడి పిల్లలు పచ్చ జాకెట్లేసుకుని ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వరసగా వెళ్తున్నారు. ఇక్కడ పారేసే వీల్లేదు.

"మీరు ముందు లోపలికి పదండి, నేను ఈ గుంపులో వెనకాలే వస్తా," అన్నాడు జయసాగర్. "ల్యాబ్‌లో ఎవరూ లేరు. పెట్టేసి వెనక తలుపులోంచి పోదాం. మెసేజ్ పెట్టొద్దు."

* * *

ల్యాబ్‌లో ఒకమ్మాయి స్టీలు డబ్బా విప్పుకుని పెరుగన్నం తింటోంది.

జయసాగర్ గడప దగ్గరే ఆగిపోయాడు. "నవ్యశ్రీ గారా? లంచ్‌కి వెళ్లలేదా?"

"మీరెవరన్నా? తెలుగోళ్లా?" నవ్యశ్రీ చెయ్యి కడుక్కోవడానికి లేచింది. "అందరూ పోయిన్రు. కమలాకర్ అంకుల్ క్యాంటీన్‌కు చికెన్ బిర్యానీ పంపిండు గదా. మా ప్రొఫెసర్ అయితే ఉరికిండు. నాకు కార్తీక మాసం. వెజ్ గూడ ఉన్నదన్నరు, కని రెండిట్లకీ ఒకటే గరిటె తిప్పుతరు. ఎందుకొచ్చిన లొల్లి అని డబ్బా తెచ్చుకున్న."

కొట్లో కార్తీక దీపాల వత్తులమ్ముతున్న కమలాకర్ అన్నీ లెక్క కట్టాడు. నెల మర్చిపోయాడు.

"ఈ కేసులో బాంబుంది," అన్నాడు జయసాగర్. "అరవకండి. బయట ఒకడు ఫోన్ నొక్కితే పేలుతుంది."

నవ్యశ్రీ అరవలేదు. "ఫోన్‌తోనా? రేడియో సిగ్నలేనా?"

"అవునండీ," అంది ఏసుకుమారి.

"మరింకా పట్టుకొని నిలబడ్డవేందక్కా, ఆ చివరి డబ్బాల వెయ్!"

కారిడార్ చివర మనిషి పట్టేంత ఎత్తున లోహపు గది. సెన్సర్‌ని పరీక్షించేది అందులోనే. బయటి అయస్కాంతం, రేడియో ఏదీ లోపలికి రాకుండా పొరలు పొరలుగా కట్టినది. "భూమి అయస్కాంతాన్నే రానియ్యదన్నా, ఫోన్ సిగ్నల్ ఎంత!"

ముగ్గురూ పరిగెత్తారు. ఆ పరుగే తప్పయింది. కారిడార్ గోడంతా అద్దం. పార్కింగ్‌లో బూడిదరంగు కారు అద్దం దిగింది. క్రెంజ్ మొహం. ఒక్కతే వెళ్లాల్సిన మనిషి పక్కన ఇద్దరు. ఫోన్ పైకి లేచింది.

"చూశాడు!"

లోహపు గదిలో ట్రాలీ మీద అసలు సెన్సర్ అడ్డం. నవ్యశ్రీ ట్రాలీని ఇవతలికి లాగింది. చక్రం గడప దగ్గర ఇరుక్కుంది. జయసాగర్ కాలితో తన్నాడు. ట్రాలీ బయటపడింది. ఏసుకుమారి కేసుని లోపల నేల మీదికి జార్చింది. తలుపు బరువు. ముగ్గురి భుజాలూ ఆనించి నెట్టారు. క్రెంజ్ బొటనవేలు కిందికి దిగుతోంది. గొళ్లెం చక్రం తిరిగింది.

బొటనవేలు తగిలింది.

ఏమీ కాలేదు.

మళ్లీ నొక్కాడు. ఏమీ కాలేదు. జర్మనీలో ఫోన్ నెట్‌వర్క్ సంగతి తెలిసినవాడు కాబట్టి క్రెంజ్ మొదట కంపెనీని తిట్టుకున్నాడు. కారు దిగాడు. పట్టు స్కార్ఫు గాలికి ఎగురుతుంటే ఫోన్ తలపైకెత్తి సిగ్నల్ కోసం ఇటూ అటూ తిరిగాడు. నవ్యశ్రీ అలారం లాగింది. పోలీసులకి ఫోన్ చేసింది. జయసాగర్ ఒక్క పరుగున పార్కింగ్ చేరి, ఆ చేతిని వీపు వెనక్కి విరిచి ఫోన్ లాక్కున్నాడు.

"సెబూ కాలాలి," అన్నాడు క్రెంజ్ పళ్లు కొరుకుతూ. "కాలకుండా మనీలా రాదు."

"పుస్తకం సరిగ్గా చదవలేదు నువ్వు," అన్నాడు జయసాగర్. "అందరికంటే ముందు ఇల్లు చేరింది చిన్న పడవ."

సైరన్లు దగ్గరపడ్డాయి. జయసాగర్ వెనక్కి చూశాడు. ఏసుకుమారి కారిడార్లో లేదు. ల్యాబ్ వెనక తలుపు ఊగుతోంది.

* * *

సాయంత్రం వెనక్కెళ్లే రైల్లో జయసాగర్ ఎదురు సీటు వైపు చూడకూడదనుకున్నాడు. చూశాడు. ముసలాయన పోలేదు. ఇలాంటివాళ్లు అంత సులభంగా పోరు. చేతిలో అదే కాగితం. ఆయన పక్క సీట్లో ఇప్పుడు ఆంజనేయులు, ఒళ్లో లాప్‌టాప్ బ్యాగు. ప్లాస్టరు ఊడిపోయింది. ఏమీ అడగలేదు. అడిగితే చెప్పడానికి జయసాగర్ దగ్గర సమాధానం ఉంది, సాక్ష్యం లేదు.

ఫోన్ మోగింది. కమలాకర్.

"ఆర్డర్ ఎందుకు తప్పినవ్?"

"ఏ ఆర్డర్ సార్? చెరిగిపోయింది."

అవతల కొట్లో ఎవరో మినప్పప్పు ధర అడుగుతున్నారు.

"ఆమె ఏడున్నది?"

"తెలీదు సార్."

నిజంగానే తెలీదు. ఒక్క మెసేజ్ మాత్రం వచ్చింది, కొత్త నంబర్ నుంచి. అమ్మకి ఫోన్ చేశానండీ, గొంతు గుర్తుపట్టింది, అని. ఆ నంబర్ మళ్లీ పలకలేదు.

"ఇను జయసాగర్," అన్నాడు కమలాకర్. గొంతులో మొదటిసారి చెమట వినిపించింది. "పొద్దుగాలనే ఢిల్లీకి రిపోర్ట్ పంపిన. ఏజెంట్ చిన్న పడవ డ్యూటీల మరణించింది అని. పైన సంతకం గూడ అయింది. ఇప్పుడు బతికున్నదంటే, పేలకముందే ఎట్ల రాసినవ్ అని నన్నడుగుతరు."

"అడుగుతారు సార్."

"మరేం జేద్దాం?"

"రాసింది రాసినట్టే ఉంచండి," అన్నాడు జయసాగర్.

కమలాకర్ హమ్మయ్య అనుకోవడం ఫోన్లో స్పష్టంగా వినబడింది. ఏసుకుమారికి ఇక భయం లేదు. ఫైల్లో చచ్చిపోయిన మనిషిని వెతకడానికి ఏ ప్రభుత్వమూ బడ్జెట్ ఇవ్వదు.